వెయ్యి పుస్తకాల ప్రణాళిక, డెబ్బై రెండు పుటల పుస్తకం

చెన్నైలో మా తెలుగు సంఘానికి రెండు గదుల గ్రంథాలయం ఒకటి ఉంది. అందులో సుమారు వెయ్యి పాత పుస్తకాలు ఉన్నాయి. తెలుగు అచ్చుకు చాలాకాలం ఈ నగరమే కేంద్రం కావడం వల్ల, వావిళ్ల వారి ప్రచురణలు, తంబుచెట్టి వీధి నుంచి వెలువడ్డ ఆంధ్రపత్రిక సంచికలు, ఇప్పుడు పేరు కూడా ఎవరికీ గుర్తులేని చిన్న ముద్రాక్షరశాలల పుస్తకాలు ఇక్కడి పాత తెలుగు కుటుంబాల బీరువాల్లో ఉండేవి. సొంత ఇళ్లు అపార్టుమెంట్లుగా మారుతున్న కాలంలో, వాటిని తూకానికి వేయడానికి మనసొప్పని వారు తెచ్చి మా సంఘానికి ఇచ్చారు. ఆ పుస్తకాలను అందరూ చదువుకునేలా కంప్యూటరులోకి ఎక్కించాలన్న కోరిక మాలో చాలామందికి ఉండేది. ఆ కోరిక ఏ విధంగా ఒక్క పుస్తకంతో పనిగా మారిందో, ఆ పనిలో ఏయే మెట్లు దాటామో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి పని తలపెట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోలేక ఆగిన సంఘాలు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు.

మొదట తయారైన ప్రణాళిక చాలా పెద్దది, ఎంతో శ్రద్ధగా రాసినది. పుస్తకాన్ని నొక్కకుండా పైనుంచి ఫొటో తీసే పెద్ద స్కానరు కొనాలి, అన్ని పుస్తకాల జాబితా ముందుగా పూర్తి చేయాలి, దానికి ఒక వర్గీకరణ పద్ధతి నిర్ణయించాలి, సంఘం పేరుతో వెబ్‌సైటు పెట్టాలి, పనిచేసే వారికి శిక్షణ ఇవ్వాలి. వర్గీకరణ దగ్గరే ఎన్నో సమావేశాలు గడిచాయి. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణను ఈ ఊళ్లో ఉన్న మనమే వాడకపోతే ఇంకెవరు వాడతారని కొందరు, డ్యూయీ దశాంశ పద్ధతి అందరికీ తెలిసినది కనుక అదే మేలని మరికొందరు వాదించారు. రెండు వాదనల్లోనూ బలం ఉంది. పాత తెలుగు అచ్చులో పొల్లు నకారానికి (న్) వాడిన నకారపొల్లు అనే గుర్తు సంగతి కూడా చర్చకు వచ్చింది. కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఆ గుర్తుకు 2021లో, 14వ వెర్షన్‌తో గాని చోటు దక్కలేదు. దాన్ని సరిగ్గా చూపించే ఫాంట్లు అందరి ఫోన్లలోకి వచ్చేవరకు ఆగుదామని ఒకరు సూచించారు. విడివిడిగా చూస్తే వీటిలో ఏ సూచననూ తోసిపుచ్చలేము. అన్నీ ఒకచోట చేర్చి చూసినప్పుడు మాత్రం, మొదటి పుస్తకం తెరవడానికి ముందే ఏళ్ల తరబడి చేయవలసిన పని ఉందని తేలింది.

ఈలోగా పుస్తకాలు శిథిలమవుతూనే ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగం నుంచి వాడుకలోకి వచ్చిన కలప గుజ్జు కాగితంలో ఆమ్లం ఉంటుంది. అది ఏళ్లు గడిచేకొద్దీ కాగితపు నారను తినేయడం వల్ల పుటలు పసుపుబారి, అంచుల దగ్గర విరిగి పొడిపొడిగా రాలిపోతాయి. దానికి సముద్రపు గాలిలోని తేమ, పురుగులు తోడవుతాయి. 2015 డిసెంబరు వరదల్లో మా గ్రంథాలయంలోని కింది అరల్లోకి నీరు చేరింది. ఆరబెట్టినా కొన్ని పుస్తకాల పుటలు ఒకదానికొకటి అతుక్కుని అట్టముక్కల్లా మిగిలాయి. వాటిలో ఏముండేదో చెప్పగల ప్రతి మరొకటి ఎక్కడైనా ఉందో లేదో తెలియదు.

ఒక సమావేశంలో, తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసిన మాస్టారు ఒకరు చర్చ అంతా ఓపికగా విని, చివరికి, "ప్రణాళిక బాగుంది బాబూ, దాన్ని అలాగే ఉంచండి. నా కళ్లు కనిపిస్తుండగా అయ్యే పని ఏదైనా ఒకటి చెప్పండి, రేపటి నుంచి చేస్తాను," అన్నారు. ఆ మాటకు ఎవరూ వెంటనే బదులు చెప్పలేకపోయారు. అరసున్నలు, బండి ఱలు, పాత సంధులు చూడగానే గుర్తుపట్టగల మనిషి మా సంఘంలో ఆయన ఒక్కరే. స్కానరు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆయన చదువు మాకు ఎల్లకాలం దొరికేది కాదు.

అప్పుడు నేను న్యూపీడియా సంగతి చెప్పాను. వికీపీడియా పుట్టక ముందు, 2000 సంవత్సరంలో, అదే వ్యవస్థాపకులు న్యూపీడియా అనే విజ్ఞాన సర్వస్వాన్ని ప్రారంభించారు. నిపుణులు రాయాలి, ఏడు దశల పరిశీలన దాటితేనే వ్యాసం ప్రచురించాలి అన్నది దాని నియమం. 2003లో అది మూతపడేనాటికి ఆ దశలన్నీ దాటి ఆమోదం పొందినవి పాతిక వ్యాసాలు మాత్రమే. న్యూపీడియాకు వ్యాసాలు సమకూర్చిపెట్టే చిత్తుప్రతుల చోటుగా 2001 జనవరి 15న వికీపీడియా మొదలైంది. ఎవరైనా అసంపూర్ణంగానైనా రాయవచ్చు, వేరొకరు దిద్దవచ్చు అన్న పద్ధతి వల్ల ఆ ఏడాది చివరికే అది వేల వ్యాసాలకు చేరింది. న్యూపీడియాను నడిపినవారు అసమర్థులు కారు, వారి ప్రమాణాలూ తప్పు కావు. చేయి కలపడానికి వచ్చిన వారికి వెంటనే చేయదగిన చిన్న పని వారి పద్ధతిలో లేకపోయింది. మా ప్రణాళికలో ఉన్న లోటు కూడా అదేనని చెప్పాను. సంఘానికి సొంత వెబ్‌సైటు తయారయ్యే వరకు, పాత పుస్తకాల పాఠాన్ని ఉంచే, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల తెలుగు వికీసోర్స్ వెబ్‌సైటులో ఒక పుస్తకం చేసి చూద్దామని అందరూ అంగీకరించారు.

ఏ పుస్తకం అన్న ప్రశ్న దగ్గర మేము కాస్త ఎక్కువగానే ఆలోచించాం. చిన్నగా మొదలుపెట్టమని చెప్పేవారు చాలామంది ఉంటారు గాని, ఎంత చిన్నగా అన్నది చెప్పేవారు తక్కువ. ఒక మహాగ్రంథంలోని మొదటి ఇరవై పుటలు చేస్తే పని చిన్నదే అవుతుంది, కానీ అక్కడ ఆగిపోతే ఎవరికీ ఉపయోగం లేదు. రేపు మేమందరం ఈ పని మానేసినా, అప్పటివరకు చేసినది ఒక పాఠకుడికి పూర్తిగా పనికిరావాలి అన్నది మేము పెట్టుకున్న కొలత. ఆ కొలతకు డెబ్బై రెండు పుటల పుస్తకం ఒకటి సరిపోయింది. అది పెరటి కూరగాయల సాగు గురించి, వందేళ్లకు పూర్వం మద్రాసులో అచ్చయినది. ఇప్పటికీ ఇంటి వెనుక ఆనపపాదు పెట్టేవారు చదవదగిన పుస్తకం. ప్రసిద్ధ కావ్యం తీసుకుంటే సంఘానికి పేరు వస్తుందని ఒక ఆలోచన వచ్చింది గాని, ప్రసిద్ధ కావ్యాలకు ప్రతులు చాలా ఉన్నాయి. ఇలాంటి పుస్తకాలకు మనమే దిక్కు.

పుస్తకం ఎంచుకున్న తరువాత మొదట చూడవలసినది కాపీహక్కు. మన దేశంలో 1957 నాటి చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభం నుంచి అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. మొదట యాభై ఏళ్లుగా ఉన్న ఈ గడువును 1992లో అరవైకి పెంచారు. అంటే పుస్తకం ఎంత పాతదన్నది కాక, రచయిత ఎప్పుడు మరణించారన్నది తెలుసుకోవాలి. మామూలు రచయితల విషయంలో ఇది సులభం కాదు. మేము ముందుగా అనుకున్న పుస్తకాన్ని ఈ వివరం దొరకకపోవడం వల్లనే పక్కన పెట్టాం. తోటపని పుస్తక రచయిత సంగతి ఆయన బంధువుల ద్వారా తెలిసింది. తరువాత, ఈ పుస్తకాన్ని ఇప్పటికే ఎవరైనా స్కాన్ చేశారేమోనని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికాం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు అక్కడ ఉన్నాయి, కానీ పేర్లను రోమన్ లిపిలో రకరకాలుగా రాయడం వల్ల ఒకే పేరును అనేక విధాల ఊహించి వెతకవలసి వస్తుంది. మా పుస్తకం అక్కడ కనిపించలేదు.

స్కానింగుకు మేము ఖర్చు పెట్టినది చాలా తక్కువ. ఒక గాజు పలక, రెండు టేబుల్ దీపాలు, ఫోను నిలబెట్టే స్టాండు కొన్నాం. మా పక్క ఫ్లాటులో ఉండే కాలేజీ అమ్మాయి ఫొటోలు తీసింది. కొనవలసిన పెద్ద స్కానరుతో తీస్తే ఇంతకన్నా బాగా వచ్చేవి, అందులో సందేహం లేదు. అయితే ఈ దశలో మాత్రం మేము ఎక్కడా తొందరపడలేదు. పెళుసుబారిన పుస్తకాన్ని ఎన్నిసార్లు తెరిస్తే అంత నష్టం, కాబట్టి తెరిచిన ఒక్కసారిలోనే ప్రతి పుటా నాలుగు అంచులతో సహా, అక్షరాలు స్పష్టంగా కనిపించేలా రావాలి. పూర్తయ్యాక ఆ అమ్మాయి, నేను కూర్చుని ఫొటోలను పుస్తకంతో ఒక్కొక్కటిగా పోల్చి, పుటల వరుస సరిచూశాం.

ఇక్కడ నేను నేర్చుకున్న విషయం ఒకటి నొక్కి చెప్పాలి. లోపాలున్నా మొదలుపెట్టడం అంటే అన్ని లోపాలనూ ఒకేలా చూడటం అని అర్థం కాదు. తరువాత తేలికగా దిద్దుకోగలిగినవి కొన్ని ఉంటాయి, తరువాత దిద్దాలంటే మొత్తం పనిని తిరగదోడవలసినవి కొన్ని ఉంటాయి. వికీసోర్స్‌లో పుస్తకపు ఫైలు పేరు మీదే సూచిక పేజీ (పుటలన్నీ వరుసగా కనిపించే పేజీ), దాని కింద ప్రతి పుట పేరు ఆధారపడతాయి. పేరు తప్పు పెడితే తరువాత డెబ్బై రెండు పుటలనూ తరలించాలి. మధ్యలో ఒక పుట స్కాన్ చేయడం మరిచి, తరువాత చేరిస్తే, అక్కడి నుంచి చివరి వరకు పాఠం ఒకచోట, బొమ్మ ఒకచోట అవుతాయి. అందువల్ల ఫైలు పేరు, పుటల వరుస, కాపీహక్కు, ఈ మూడింటి దగ్గర మేము ఎంత సమయమైనా ఖర్చు పెట్టాం. వర్గీకరణ, ఫాంటు, పట్టికల అందం వంటివి ఏ రోజైనా మార్చుకోదగినవి కనుక వాటిని వదిలిపెట్టాం. నకారపొల్లు ఉన్నచోట మామూలు న్ టైపు చేశాం. కావాలంటే భవిష్యత్తులో ఎవరైనా వెతికి మార్చవచ్చు. ఏది ఏ రకమో ముందుగా విడదీసుకున్న తరువాత, సమావేశాల్లో మమ్మల్ని ఆపిన సమస్యల్లో చాలా భాగం వాయిదా వేయదగినవేనని అర్థమైంది.

పుస్తకపు స్కాన్ ఫైలును, వికీసోర్స్ వాడుకునే ఫైళ్లను ఉంచే వికీమీడియా కామన్స్‌లో ఎక్కించి, సూచిక పేజీ తయారు చేశాక, అసలు పని మొదలైంది. ప్రతి పుటకూ ఒకవైపు స్కాన్ బొమ్మ, మరొకవైపు పాఠం కనిపిస్తాయి. గూగుల్ ఓసీఆర్ బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా ఇస్తుంది. నేటి అచ్చుకు అది చాలా బాగా పనిచేస్తుంది. పాత అచ్చు దగ్గరే తడబడుతుంది. ప, వ ఒకదానికొకటి మారతాయి. మ, య మారతాయి. ధ బదులు థ వస్తుంది. అరసున్నలు మాయమవుతాయి. వలపలగిలక సంగతి మరీ కష్టం. ఇప్పుడు మనం ధర్మము అని రాసే మాటను ఆ కాలంలో ధమ౯ము అన్నట్టు, అక్షరం తరువాత కుడివైపు గిలక పెట్టి అచ్చువేసేవారు. యంత్రం దాన్ని తొమ్మిది అంకెగా చదివి, పుస్తకంలో లేని అంకెలను చేర్చింది. అచ్చులో ఉన్నది ఉన్నట్టే ఉంచాలి, మన వాడుకకు మార్చకూడదు అన్నది వికీసోర్స్ పద్ధతి కనుక, "వాఁడు" అని ఉంటే అరసున్నతోనే రాయాలి. అరసున్నను తిరిగి పెట్టడానికి బొమ్మ చూస్తే చాలు, కానీ అచ్చు చెరిగినచోట అది ఉండాలో లేదో చెప్పడానికి మాస్టారు కావాలి.

మాస్టారు కంప్యూటరు ముందు కూర్చోలేరు. అందువల్ల నేను పుటలను పెద్ద అక్షరాలతో అచ్చు తీసి ఇచ్చేవాణ్ణి. ఆయన ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చేవారు, నేను వాటిని ఎక్కించేవాణ్ణి. కొన్నాళ్లకు ఫొటోలు తీసిన అమ్మాయి తానూ దిద్దుతానని అడిగింది. ఆమె ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గాని, బడిలో తమిళం, ఇంగ్లీషు మాత్రమే చదువుకుంది. తెలుగు అక్షరాలు గుర్తుపడుతుంది, గబగబా చదవలేదు. ఇలాంటి పనికి ఆమె తగదని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. మాస్టారు దిద్దిన పుటల్లో కూడా ఆమెకు తప్పులు దొరికాయి. చదువుకున్న కన్ను మాటను మొత్తంగా పట్టుకుంటుంది. "సమయము"లో మ, య తారుమారైనా ఉండవలసిన మాటనే చదివేసి ముందుకు సాగిపోతుంది. ఆమె ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కుని చదవడం వల్ల అక్కడ నిజంగా ఏముందో చూసేది. మాస్టారు ఈ సంగతి గమనించి ఎంతో సంతోషించారు. "అమ్మా, ముందు నువ్వు చూడు, తరువాత నేను చూస్తాను," అని వరుస మార్చారు. ఆమెకు అర్థం కాని మాటలు ఆయన చెప్పేవారు. బోదె, మడి, నారు, వీశె, మానిక వంటి మాటలు ఆమె నోటికి అలా వచ్చాయి. పెద్ద ప్రణాళికలో శిక్షణ అన్న శీర్షిక కింద నాలుగు పుటలు రాసుకున్నాం. ఈ ఇద్దరి మధ్య జరిగినది ఆ నాలుగు పుటల్లో ఎక్కడా లేదు, ఉండే అవకాశమూ లేదు.

వికీసోర్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది పుటల రంగుల పద్ధతి. ఓసీఆర్ పాఠం మాత్రమే ఉన్న పుట గులాబీ రంగులో ఉంటుంది. ఒకరు అచ్చుదిద్దితే పసుపు రంగుకు మారుతుంది. మరొకరు సరిచూసి ఆమోదిస్తే ఆకుపచ్చ అవుతుంది. దిద్దిన వ్యక్తే ఆమోదించడానికి ఆ వ్యవస్థ ఒప్పుకోదు. సమస్య ఉన్న పుటకు లేత ఊదా రంగు. అసంపూర్ణమైన పనిని బయట పెట్టడానికి నాలో ఉన్న సంకోచాన్ని పోగొట్టింది ఈ పద్ధతే. పని అసంపూర్ణంగా ఉండటంలో ప్రమాదం లేదు, అది పూర్తయినదని చదివేవారు భ్రమపడటంలో ప్రమాదం ఉంది. ఇక్కడ ప్రతి పుటా తన స్థితిని తానే చెబుతుంది. ఒక ఉదయం సూచిక తెరిస్తే, అంతకుముందు రాత్రి పసుపు రంగులో ఉన్న పుటల్లో ఒక వరుస మొత్తం ఆకుపచ్చగా మారి ఉంది. మాకు ఏమాత్రం పరిచయం లేని వాడుకరి ఒకరు వాటిని సరిచూసి, మేము వదిలేసిన విరామ చిహ్నాలను కూడా చేర్చి వెళ్లారు. మా పుటలన్నీ పరిపూర్ణం అయ్యాకే చూపించాలని దాచుకుని ఉంటే, ఆయనకో ఆమెకో చేయడానికి పని ఉండేది కాదు.

ఈ రోజుల్లోనే నేను కొమర్రాజు లక్ష్మణరావు గారి గురించి తరచు ఆలోచించాను. ఆయన 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, తరువాత మద్రాసుకు మార్చి, చరిత్ర మీద, శాస్త్రాల మీద ఒక్కొక్క పుస్తకంగా వెలువరించారు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అనే మహాకార్యాన్ని కూడా తలపెట్టారు. 1923లో, నలభై ఆరేళ్ల వయసులో, ఈ నగరంలోనే ఆయన మరణించేనాటికి మూడు సంపుటాలు మాత్రమే వచ్చాయి. అకారాది మొత్తం సిద్ధమయ్యాకే అచ్చు వేద్దామని ఆయన ఆగి ఉంటే ఆ మూడూ మనకు ఉండేవి కావు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పనిని మళ్లీ చేపట్టగలిగారంటే, చేతిలోకి తీసుకోవడానికి అచ్చయిన సంపుటాలు ఉండటం వల్లనే. ఆయన ఆశయం ఎంత పెద్దదో, ఆయన వేసిన ప్రతి అడుగూ అంత పూర్తిగా వాడుకోదగినది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చని ఆయన్ను చూసి నమ్మకం కలిగింది.

మా పెద్ద ప్రణాళిక ఇప్పటికీ ఉంది, కానీ దాని రూపం మారింది. స్కానరు కొనుగోలును వాయిదా వేసి, ముందుగా వరదల్లో తడిసిన అరల్లోని పుస్తకాలను చేయాలని కార్యవర్గం నిర్ణయించింది. జాబితా పూర్తయ్యే వరకు ఆగకుండా, చేతికి తీసుకున్న పుస్తకం వివరాలను అప్పుడే రాసుకుంటున్నాం. కోలన్ పద్ధతిని కోరుకున్న మిత్రుడు ఆ పుస్తకాలకు తానే సంఖ్యలు వేస్తున్నారు. అలా చేయడం వల్ల మా సంగ్రహానికి ఆ పద్ధతి ఎక్కడ నప్పుతుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో ఊహతో పనిలేకుండా తెలుస్తోంది.

తోటపని పుస్తకంలో కొన్ని పుటలు ఇంకా లేత ఊదా రంగులోనే ఉన్నాయి. విత్తనాల కొలతల పట్టిక ఉన్న పుటలో కుడివైపు భాగాన్ని పురుగులు తినేశాయి. ఏ పంటకు ఎన్ని మానికలో చెప్పే అంకెలు అక్కడ లేవు. మాస్టారికి అంచనా ఉన్నా, బొమ్మలో లేనిది రాయడానికి ఆయన ఒప్పుకోలేదు, అది సరైన నిర్ణయమే. 1896 నుంచి ఎగ్మూరులో ఉన్న కన్నెమరా గ్రంథాలయంలో పాత మద్రాసు ప్రచురణలు ఉన్నాయి గనుక, అక్కడ మరొక ప్రతి కోసం వెతకాలనుకున్నాం. వచ్చే శనివారం ఆ అమ్మాయి, నేను వెళ్తున్నాం. చూడవలసిన పుటల సంఖ్యలను, ఒక్కొక్క దానిలో లోపించిన పంక్తులను మాస్టారు ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. ప్రతి దొరికితే మొదట ఆ పట్టికనే చూడమన్నారు.